పది దాటని రక్తం

మా ఆయన తన లుంగీ తనే ఉతుక్కోడం మొదలెట్టిన రోజు నాకు బాగా గుర్తు. వానలు వెనకబట్టాయి గానీ, ఛత్తీస్‌గఢ్‌లో ఉక్కు ప్లాంటు పక్కనున్న క్యాంప్ వన్‌లో మా సందు బురద ఇంకా ఆరలేదు. పొద్దున్నే లేచి చూస్తే మనిషి కుళాయి దగ్గర గొంతుక్కూర్చుని, సబ్బుముక్క పట్టుకుని, లుంగీ రుద్దుతున్నాడు. పెళ్ళయి నలభై ఏళ్ళు. ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్‌లో ముప్పై నాలుగేళ్ళు డ్యూటీ చేసి, ఆ మసి బట్టలన్నీ నా ముందు పడేసిన మనిషి. చేతిరుమాలు కూడా ఉతికి ఎరగడు.

"ఏటి బావా, పొద్దు ఏ దిక్కున పొడిసింది?" అన్నాను. మా మేనమామ కొడుకే ఆయన. పెళ్ళికి ముందు ఏమని పిలిచానో ఇప్పటికీ అదే పిలుపు.

"రిటైరైపోనాను కదే. కాళీగా కూకుని ఏటి సెయ్యను?" అన్నాడు, తలెత్తకుండా.

నేను మురిసిపోయాను. మురిసి ఊరుకున్నానా? సందులో అందరికీ చెప్పాను. తెలుగోళ్ళకి తెలుగులో, బిహారామెకి హిందీలో, ఛత్తీస్‌గఢ్ ముసిలమ్మకి నాకొచ్చిన నాలుగు ముక్కల్లో. మా బావ బట్టలు తనే ఉతుక్కుంటున్నాడు, మీ మగాళ్ళున్నారు ఎందుకూ అని. బిహారామె ఆ మాట పట్టుకుని వాళ్ళాయన్ని దెప్పిందట. ఆయన మా ఆయనతో వారం రోజులు మాట్లాడలేదు. రెండేళ్ళు అలా గొప్పలు చెప్పుకున్నాను. ఆ లుంగీలకి రక్తం అంటుతోందని, అది నా కంట పడకూడదనే మనిషి తెల్లారకుండా లేచి రుద్దుతున్నాడని నాకు తట్టనే లేదు.

తెలిసింది ఎప్పుడంటే, కంట్రోలు షాపు లైన్లో నిలబడి నిలబడి కింద పడిపోయినప్పుడు. ఎండ కూడా లేదు ఆ రోజు. పక్కనున్నోళ్ళు నీళ్ళు జల్లి, ఆటోలో వేసి తెచ్చారు. మొహం గోడకి కొట్టిన పాత సున్నంలా ఉంది. మా అమ్మాయి నెహ్రూ నగర్‌లో ఉంటాది. ఫోన్ చేస్తే స్కూటీ మీద వచ్చింది. ముగ్గురం కలిసి ఆసుపత్రికి పోయాం.

డాక్టరు కనురెప్ప లాగి చూసి, గోళ్ళు చూసి, రక్తం తియ్యమన్నాడు. రిపోర్టు వచ్చాక దాన్నే చూస్తూ అడిగాడు, "లెట్రిన్‌లో రక్తం పోతోందా?" అని. మా ఆయన నన్ను చూశాడు. గోడ మీద కేలండర్ చూశాడు. "పోతోంది సాబ్," అన్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండు సాల్."

బయటికొచ్చాక, అమ్మాయి మందుల లైన్లో ఉండగా, బెంచీ మీద కూర్చోబెట్టి అడిగాను. "రెండేళ్ళు నాతో ఒక్క ముక్క అనలేదేటి బావా? నేను పరాయిదాన్నా?"

"నీకు సెప్తే క్యాంపంతా తెలుస్తాది," అన్నాడు.

నిజం కదా. నాలుగో క్లాసు చదువు నాది. పుస్తకం లేకపోయినా నాకు ఏదీ మరుపు రాదు. ఎవరింట్లో ఏ పెళ్ళికి ఏం వండారో, ఎవరి పిల్లకి ఏ రోజున జొరమొచ్చిందో, అన్నీ చెప్తాను. కోపమొచ్చిందే గానీ కోపం ఎవరి మీద పెట్టాలో తెలియలేదు. ఆయన మీదా, నా నోటి మీదా?

తర్వాత పైపు వేసి లోపలంతా చూశారు. ఆ మూడు రోజులు నేను నిద్రపోలేదు. పెద్ద జబ్బేమో అని పైకి అనలేక, లోపల దాచుకోలేక. చివరికి మొలలే అన్నారు. ఆపరేషన్ చెయ్యాలి. కానీ రక్తం ఏడు మీద చిల్లర ఉంది, పది దాటితే గానీ కత్తి పట్టను అన్నాడు డాక్టరు. ఐరన్ గోలీలు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. విరేచనం మెత్తగా అయ్యే పొడి రాత్రికి. "చాయ్ బంద్, మిర్చి బంద్" అని కాగితం చేతిలో పెట్టి, తర్వాత మనిషిని పిలిచాడు. మేం లోపలున్నది ఒక బీడీ కాలినంతసేపు కూడా ఉండదు.

మా ఆయన పాత డ్యూటీ దోస్తు ఒకాయన, మా వెనక సందులోనే ఉంటాడు, చూడ్డానికొచ్చి నవ్వాడు. "ముప్పై నాలుగేళ్ళు ఇనపకంపెనీలో ఉజ్జోగం సేసినోడికి ఒంట్లో ఇనుము లేదటరా! గేటు కాడ తనిఖీ సేసి లాగేసుకున్నారేటి?" మా ఆయన కూడా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. పది దాటాలి, ఆపరేషన్ అవ్వాలి. ఆ రోజు నుంచి నా బుర్రలో అదొక్కటే.

చాయ్ బంద్ అంటే మా ఇంట్లో చిన్న మాట కాదు. ప్లాంటులో పెద్ద కెటిల్‌తో చాయ్ వచ్చేదట, షిఫ్టుకి మూడుసార్లు. ఆ వేడి దగ్గర నిలబడి మళ్ళీ వేడి చాయే తాగేవారు. తలనొప్పి వస్తే డిస్పెన్సరీ గోలీ కూడా ఆ చాయ్‌తోనే. నీళ్ళతో మింగితే గోలీ గొంతులో ఆగిపోద్ది, చాయ్‌తో అయితే జారిపోద్ది అని వాళ్ళ బ్యాచ్ మొత్తం నమ్మకం. రిటైరైనా అదే అలవాటు. జొరం గోలీ, బీపీ గోలీ, ఏదైనా సరే, గ్లాసులో చాయ్ ఉంటేనే నోట్లో వేసుకునేవాడు. లేకపోతే గోలీ అరచేతిలో పెట్టుకుని, చాయ్ వచ్చేదాకా కూర్చునేవాడు, ప్రసాదం పట్టుకున్నట్టు.

రెండు రోజులు చాయ్ లేకుండా ఉన్నాడు. మూడో రోజు పొద్దున ఐరన్ గోలీ నీళ్ళతో మింగి, గుమ్మం దగ్గర కక్కేశాడు. "తుప్పు నాకినట్టుంటాదే," అన్నాడు. సాయంత్రం వెయ్యనన్నాడు. నేను అరిచాను. ఆయన అరిచాడు. అమ్మాయికి ఫోన్ చేశాను.

అమ్మాయి మర్నాడు ఒక డబ్బా తెచ్చింది. పచ్చటి డబ్బా, ఆకుల బొమ్మ, లోపల దారం కట్టిన చిన్న చిన్న సంచులు. గ్రీన్ టీ.

"చాయ్ బంద్ అన్నాడు కదే," అన్నాను.

"అరే అమ్మా, అది పాలు పోసే దూద్‌వాలీ చాయ్. ఇది అలగ్. ఇది హెల్త్‌కి. నేను రోజూ తాగుతాను, జిమ్‌లో అందరూ తాగుతారు." ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు మొదలెడితే మధ్యలో హిందీలో తేలుతుంది. ఫోన్ తీసి చదివి వినిపించింది. ఆ ఆకులో కాటెచిన్లని ఉంటాయట. పేగుల్లో వాపు తగ్గిస్తాయట. పేగుల్లో మంచి పురుగులు, చెడ్డ పురుగులు ఉంటాయట, ఇది తాగితే మంచివి బలుస్తాయట.

మా ఆయన అంతా విని, "అయితే నా కడుపులో పురుగులకి నేను చాయ్ కాసి పొయ్యాలేటి? ఆటికున్న అదృష్టం నాకు లేదు," అన్నాడు.

"నాన్నా, మజాక్ కాదు. పీయో, తాగండి," అంది అమ్మాయి.

మొదటిరోజు నేను కాచిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గు. సంచులు చింపి, ఆ పొడి గిన్నెలో పోసి, అల్లం దంచి వేసి, మామూలు చాయ్‌లాగే కుతకుతా ఉడికించాను. వేపాకు రసంలా వచ్చింది. అమ్మాయి నెత్తి కొట్టుకుంది. ఉడికిస్తే మంచిగుణం పోతుందట. నీళ్ళు కాగి, కాసేపు ఆగి, సంచీ వేసి, మూడు నిమిషాలకి తీసెయ్యాలట. పాలు వద్దు, చక్కెర వద్దు. నేను నేర్చుకున్నాను. గోడ గడియారం చూసి మరీ చేశాను. ఆ పచ్చటి గ్లాసు ఆయన చేతికిచ్చి, రెండో చేతిలో గోలీ పెట్టేదాన్ని. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. గుటుక్కున మింగేవాడు. కక్కలేదు. నాకెంత హాయనిపించిందో! గోలీ లోపల నిలిచింది, పేగులకి మందు పడింది. ఒకే గుక్కలో రెండు పనులు అయిపోతున్నాయి అనుకున్నాను.

ఇక తిండి. బీట్‌రూటు, దానిమ్మ, బెల్లంతో వేరుశెనగ ఉండలు, తోటకూర, మునగాకు. లాల్ భాజీ అని ఇక్కడ ఎర్రటి కూర దొరుకుతుంది, అది వారానికి నాలుగుసార్లు. మనిషి నాలుక ఎర్రబడిపోయింది. "నన్ను సూస్తే మేకలు ఎంటపడతన్నాయే," అనేవాడు. తిననని మొరాయించినా, దగ్గర కూర్చుని తినిపించాను.

నెల తిరిగాక రక్తం చూపించాం. ఏడు మీద చిల్లర ఉన్నది అలాగే ఉంది. చిల్లర కాస్త మారిందంతే.

డాక్టరు కాగితం మీంచి తలెత్తాడు. "గోలీలు వేస్తున్నారా?"

"వేస్తున్నాం సాబ్. రెండు పూటలా. నా చేత్తో."

"తింటున్నాడా?"

"తింటున్నాడు."

"ఇంకో నెల వెయ్యండి." తర్వాత మనిషి వచ్చేశాడు.

రెండో నెల నేను ఖాళీ పట్టీలు కూడా పారెయ్యలేదు. డబ్బాలో దాచి పట్టుకుపోయాను, చూపిద్దామని. రక్తం ఒక పిసరు తగ్గింది. పట్టీలు బల్ల మీద పెడితే డాక్టరు వాటివైపు చూడలేదు. లోపల ఇంకెక్కడో కారుతోందేమో, ఈసారీ పెరక్కపోతే మళ్ళీ పైపు వేసి చూడాలి, రక్తం ఎక్కించాలి అన్నాడు. ఇంకెక్కడో అన్న మాట నా చెవుల్లో పడి అక్కడే ఉండిపోయింది. ఇంకెక్కడో అంటే ఆ పెద్ద జబ్బే అని నాకు తెలుసు. మా సందులో చివరింటాయన కథ అలాగే మొదలైంది. ఇంకెక్కడో అని.

ఆటోలో వస్తుంటే అమ్మాయి నన్నే అడిగింది. "అమ్మా, సచ్ బోలో. నాన్న గోలీలు ఉమ్మేస్తున్నారేమో చూశావా?"

"నా కళ్ళ ముందు మింగుతున్నాడే."

"మరి బాథ్రూమ్‌కెళ్ళి?"

"ఒలే గుంటా, నేను ఇక్కడే ఉన్నాను," అన్నాడు మా ఆయన. "దొంగని పట్టుకున్నట్టు మాటాడతన్నారు మీరిద్దరూ."

"దొంగతనం చెయ్యలేదేటి? రెండేళ్ళు!" అని నేనన్నాను. అనకూడదు. డ్రైవరు అద్దంలోంచి చూశాడు. మా ఆయన ఇల్లు చేరేదాకా రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు.

ఆ వారం నాకు ఎవరి మీద పడితే వాళ్ళ మీద కోపం. ఆయన కుళాయి దగ్గరికి పోతే అనుమానం. దగ్గితే అనుమానం. వెనక సందు దోస్తుతో బీడీ కాలుస్తున్నాడేమో అని గోడ మీంచి తొంగి చూశాను. దోస్తు నన్ను చూసి, "రా సెల్లీ, నువ్వు కూడా ఒక దమ్ము లాగు," అన్నాడు. గోలీలే నకిలీవేమో అని ఇంకో దుకాణంలో కొన్నాను. వండింది సరిపోలేదేమో అని రాత్రి పడుకుని కూరలు లెక్కపెట్టుకునేదాన్ని. చేతనైనదంతా చేసి, అది ఎక్కడ ఇంకిపోతోందో తెలియకపోవడం కంటే చిరాకు ఇంకోటి లేదు. అడుగున చిల్లు పడ్డ బిందెతో నీళ్ళు మోసినట్టు.

అప్పుడొచ్చింది మితానిన్.

మితానిన్ అంటే మా వైపు ఆరోగ్యం పనులు చూసే ఆడమనిషి. వీధికొకరు ఉంటారు. కడుపుతో ఉన్న పిల్లల పేర్లు రాసుకోవడం, వాళ్ళకి గోలీలివ్వడం, పసిబిడ్డలకి టీకాల రోజు గుర్తుచెయ్యడం. మా సందు మితానిన్ ఛత్తీస్‌గఢ్ మనిషే, నాకంటే పదేళ్ళు చిన్న, నోరు పెద్దది. మా అరుగు వెడల్పుగా ఉంటుందని ఏళ్ళ తరబడి ఆ కడుపుతో ఉన్న పిల్లలందర్నీ అక్కడే కూర్చోబెట్టి మాట్లాడుతుంది. నేను చాటలో బియ్యం ఏరుకుంటూ వింటాను. ఆ రోజు మా పైగదిలో అద్దెకున్న పిల్లకి ఐదో నెల. ఆ పిల్లకి గోలీలు ఇవ్వడానికి వచ్చింది.

సాయంత్రం గోలీ వేళైంది. నేను గ్రీన్ టీ చేసి తెచ్చిచ్చి, మళ్ళీ చాట ఒళ్ళో పెట్టుకున్నాను. మా ఆయన అరుగు చివర కుర్చీలో కూర్చుని, గోలీ నాలిక మీద పెట్టుకుని, గ్లాసెత్తాడు.

"అరే కాకా! యే కౌన్ గోలీ హే?" అంది మితానిన్.

"ఖూన్ వాలీ, రక్తం గోలీ," అన్నాడు ఆయన, మింగేసి.

మితానిన్ లేచి వచ్చి, పట్టీ చూసింది. గ్లాసులోకి వంగి చూసింది. వాసన కూడా చూసింది. తర్వాత నావైపు తిరిగి, "కాకీ, నువ్వు ఈ అరుగు మీదే ఉంటావు కదా నేను చెప్పేటప్పుడు? చెవుల్లో ఏం పెట్టుకుంటావు?" అంది, హిందీలో.

"ఏమైంది?"

"ఐరన్ గోలీ చాయ్‌తో వెయ్యకూడదని ఎన్నిసార్లు చెప్పాను ఇక్కడ కూర్చుని?"

"ఇది చాయ్ కాదు," అన్నాను. "గ్రీన్ టీ."

మితానిన్ నవ్విన నవ్వుకి పైగది పిల్ల కూడా నవ్వింది. "రంగు మారితే చాయ్ చాయ్ కాకుండా పోతుందా? ఆ ఆకే కదా! గోలీలో ఇనుముని ఆ ఆకు పట్టేసుకుంటుంది. ఒంటికి పట్టనివ్వదు. కాకా మింగుతున్నాడు, వదిలేస్తున్నాడు. నిమ్మకాయ నీళ్ళతో వెయ్యాలి. చాయ్ తాగితే తాగు, గోలీకి రెండు గంటలు ఎడంగా తాగు."

చాట నా ఒళ్ళో ఉండిపోయింది. నాకు ఆ మాట గుర్తే. ఏదో ఒకసారి కాదు. ఆ మాట మితానిన్ ఎన్నిసార్లు అందో, ఎవరెవరితో అందో కూడా చెప్పగలను. మూడిళ్ళ అవతల కోడలికి చెప్పింది, ఆ పిల్ల పచ్చ చీర కట్టుకుంది. వెల్డరు పెళ్ళానికి చెప్పింది, చెప్పి నెత్తి మీద మొట్టికాయ వేసింది. గోలీ, నిమ్మకాయ, చాయ్ దూరం. మాటకి మాట నా దగ్గరుంది. కానీ అది కడుపుతో ఉన్న పిల్లల మాట అనుకున్నాను. అరవై నాలుగేళ్ళ మొగాడికి, కోక్ ఓవెన్ మనిషికి, ఆ మాట చెందుతుందని ఎలా అనుకోను? చాయ్ అంటే పాల చాయ్. డాక్టరు బంద్ చెయ్యమన్నాడు, చేశాను. ఈ పచ్చనీళ్ళు మందు. డబ్బా వెనక కూడా అలాగే ఉంది, నవ్వుతున్న పొట్ట బొమ్మ.

రెండు నెలలు. రోజుకి రెండుసార్లు. గడియారం చూసి మరీ.

మా ఆయన గ్లాసు కింద పెట్టాడు. తిడితే బాగుండేది. నేనే అన్నాను, "నాకేటి తెలుసు బావా."

"నాకు మాత్రం ఏటి తెలుసు? తప్పు నీదేటి, నాదేటి. ముప్పై నాలుగేళ్ళూ గోలీలన్నీ చాయ్‌తోనే మింగినాను. తలనొప్పి తగ్గీది కదే," అన్నాడు.

రాత్రి అమ్మాయికి ఫోన్ చేశాను. అంతా విని, ఫోన్‌లో వెతికి, నెమ్మదిగా చదివింది. ఉంది. అదే ఆకులో, పేగులకి మంచిదని తను చదివి వినిపించిన అవే కాటెచిన్లు, తిండిలో ఇనుముని కట్టిపడేస్తాయని ఉంది. కిందికి పోతే ఉంది. "అమ్మా, నేను పైది చదివి ఆపేశాను," అంది. ఆ పిల్ల మీద కోపం తెచ్చుకోవాలనుకున్నాను, రాలేదు. నాన్న కోసం తన డబ్బా తెచ్చి ఇచ్చింది. పైది చదివి ఆపింది. నేను అరుగు మీద విని ఆపాను.

అసలు కోపం నాకు డాక్టరు మీదే ఉండిపోయింది. మూడోసారి పోయినప్పుడు చెప్పాను, ఇలా చాయ్‌తో వేశాం, పచ్చ చాయ్‌తో అని. ఆయన నన్ను చూసి, "అది అందరికీ తెలిసిందే కదా అమ్మా," అన్నాడు.

అందరికీ. ఆ అందరిలో నేను లేను. మా ఆయన లేడు. వెనక సందు దోస్తు లేడు, నేనడిగాను. కంప్యూటర్ మీద పనిచేసే మా అమ్మాయి కూడా లేదు. రెండు నెలలు గోలీలు వేస్తున్నారా, తింటున్నాడా అని అడిగావు గానీ దేనితో మింగుతున్నాడని ఒక్కసారి అడగలేదే నువ్వు. అంత చదువుకున్నవాడివి. ఐదో నెల పిల్ల కోసం వచ్చిన మితానిన్ గ్లాసు వాసన చూసిందే. ఇదంతా నేను పైకి అనలేదు. తర్వాత మనిషి అప్పటికే తలుపు తోశాడు.

నిమ్మకాయ నీళ్ళ కోసం కూడా యుద్ధమే. పుల్లగా ఉందని, పళ్ళు జివ్వుమంటున్నాయని, ఎసిడిటీ అని. ఉప్పు వేశాను, చక్కెర వేశాను, చివరికి పుదీనా ముక్క వేసి షర్బత్ అన్నాను. ముక్కు మూసుకుని మింగేవాడు. గ్రీన్ టీ మానలేదు, అది ఆయనకి అలవాటైపోయింది. పదకొండు గంటలకి ఒకసారి తాగుతాడు, గోలీకి దూరంగా. పేగులకి మంచిదైతే మంచిదే, దాని పని దాన్ని చేసుకోనీ, ఇనుము జోలికి రాకుండా.

నెలకి ఎనిమిది దాటింది. ఇంకో నెలకి తొమ్మిది. ఇంకో మూడు వారాలకి, ల్యాబు కిటికీలోంచి కాగితం తీసుకుని, అమ్మాయి ఒక్క కేక పెట్టింది. "దస్ పాయింట్ దో!" నేను చేతులు జోడించి, ఎవరికి పెడుతున్నానో తెలియకుండానే దండం పెట్టాను. పక్కకి చూస్తే మా ఆయన మొహంలో ఒక్క నవ్వు లేదు.

"ఏటి బావా, పది దాటింది!"

"దాటింది," అన్నాడు. తర్వాత చాలా చిన్నగా, "ఇంకో నెల ఏసుకుని సూద్దామా? పన్నెండయ్యేక సేయించుకుందాం," అన్నాడు.

అప్పుడు అర్థమైంది. నేను ప్రతి నెలా రిపోర్టు చూసి ఏడుస్తుంటే, ఈ మనిషి లోలోపల ఊపిరి పీల్చుకున్నాడు. ఆపరేషన్ ఇంకో నెల వెనక్కి పోయిందని. కొలిమి తలుపుల ముందు నిలబడ్డ మనిషికి కత్తి అంటే భయం కాదట. "ఆడపిల్లలుంటారే అక్కడ, నర్సులు. అందరూ సూస్తారు," అన్నాడు. నాకు నవ్వాలో, ఆ కాగితంతోనే కొట్టాలో తెలియలేదు.

"నువ్వు రాకపోతే మితానిన్‌ని పిలుస్తాను. ఆవిడ వచ్చి నిన్ను ఎత్తుకుపోతాది," అన్నాను.

వచ్చాడు. ఆపరేషన్ అయింది. బయటికి తెచ్చినప్పుడు పక్కకి తిరిగి పడుకుని, మత్తులో, "అందరూ సూసేసినారే," అన్నాడు. "చూస్తే చూశారు, నువ్వుంటే చాలు," అన్నాను. మూడో రోజు ఇంటికి పంపుతూ డాక్టరు కొత్త కాగితం రాసిచ్చాడు. ఐరన్ ఇంకో మూడు నెలలు, నొప్పి గోలీలు, ఇంకేవో రెండు, విరేచనం పొడి. చేతికిచ్చి, తలుపు వైపు చూశాడు.

నేను లేవలేదు. "సాబ్, ఒక్కోటీ దేనితో వెయ్యాలో చెప్పండి."

"నీళ్ళతో."

"పాలతో వేస్తే?"

"వద్దు."

"ఇది తిన్నాక ఎంతసేపటికి? దీనికీ దానికీ మధ్య ఎంత ఎడం? పెరుగన్నం తిని వెయ్యొచ్చా?" వెనక తలుపు తెరుచుకుంది. ఎవరో గొణిగారు. అమ్మాయి నా భుజం మీద చెయ్యేసింది, అమ్మా చలో అని. మా ఆయన గోడకి ఆనుకుని నిలబడ్డాడు, కూర్చోలేడు పాపం.

డాక్టరు కలం బల్ల మీద పెట్టాడు. "అమ్మా, బయట ఇరవైమంది ఉన్నారు."

"ఉంటారు సాబ్. హిందీలో రాసివ్వండి, పెద్ద అక్షరాలతో. నాకు కూడబలుక్కోడం వచ్చు," అన్నాను. ఆయన ఒక నిట్టూర్పు విడిచి కలం మళ్ళీ తీశాడు. నేను కుర్చీ ఇంకొంచెం ముందుకి జరుపుకున్నాను.